18 నిండకముందే 120కి పైగా మ్యాచ్‌లు.. లామిన్ యమాల్ కాళ్ల మీద హక్కు ఎవరిది?

నవంబర్ 10, సోమవారం. మధ్యాహ్నం 1 గంట 47 నిమిషాలు. మాడ్రిడ్ దగ్గర్లోని లాస్ రోజాస్‌లో స్పెయిన్ ఫుట్‌బాల్ టీమ్ క్యాంప్ అప్పుడే మొదలైంది. ఆ టైమ్‌కి ఫెడరేషన్ డాక్టర్లకు ఒక సమాచారం అందింది. తమ టీమ్‌లో అతి పెద్ద స్టార్, 18 ఏళ్ల లామిన్ యమాల్‌కి అదే రోజు ఉదయం గజ్జల నొప్పి కోసం రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్స జరిగిపోయిందట. ముందు చెప్పలేదు. అడగలేదు. మెడికల్ రిపోర్ట్ రాత్రి 10:40కి గానీ చేతికి రాలేదు. అందులో 7 నుంచి 10 రోజులు రెస్ట్ కావాలని ఉంది.

మర్నాడు స్పెయిన్ ఫెడరేషన్ ఒక ప్రకటన విడుదల చేసింది. ఫెడరేషన్ ప్రకటనలంటే మామూలుగా చప్పగా ఉంటాయి. ఇది అలా లేదు. ఆశ్చర్యం, తీవ్ర అసంతృప్తి అంటూ గంటలు, నిమిషాలతో సహా టైమ్ రాసి మరీ బార్సిలోనా క్లబ్ మీద కోపం చూపించింది. యమాల్‌ని జట్టు నుంచి విడుదల చేసి ఇంటికి పంపేసింది.

మీ ఫోన్‌లో యమాల్ రీల్స్ కచ్చితంగా వచ్చే ఉంటాయి. కుడి వైపు లైన్ దగ్గర బంతి అందుకుంటాడు. డిఫెండర్ ముందు ఒక్క క్షణం ఆగుతాడు. భుజం అటు వంచి, ఒళ్లు ఇటు తిప్పి లోపలికి కోసుకుంటూ వచ్చి, ఎడమ కాలితో దూరపు పోస్ట్ వైపు వంపు తిరిగే షాట్ కొడతాడు. పదిహేను సెకన్ల వీడియో. లక్షల వ్యూస్. కానీ ఆ ఆగడం, వంగడం, తిరగడం, తన్నడం.. ఇవన్నీ ఒకే చోట బరువు వేస్తాయి. పొట్ట కండరాలు, తొడ లోపలి కండరాలు వచ్చి కలిసే గజ్జల ఎముక దగ్గర. ఇప్పుడు యమాల్‌కి నొప్పి వచ్చింది సరిగ్గా అక్కడే.

అందుకే ఈ గొడవని క్లబ్‌కీ, దేశానికీ మధ్య ఈగో ఫైట్‌గా చూస్తే సగమే అర్థమవుతుంది. అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక కుర్రాడిని 15 ఏళ్లకే పెద్దవాళ్ల ఆటలోకి దింపి, మూడేళ్లు దాదాపు గ్యాప్ లేకుండా ఆడిస్తే.. లెక్క ఎవరు చూస్తున్నారు?

టెన్త్ హోంవర్క్.. యూరో కప్ సెమీస్

యమాల్ పుట్టింది 2007 జూలై 13న, బార్సిలోనా శివార్లలోని ఎస్ప్లుగెస్‌లో. నాన్న మొరాకో మూలాలున్న వ్యక్తి. అమ్మది ఈక్వటోరియల్ గినియా. పెరిగింది ఎక్కువగా మతారో టౌన్‌లోని రొకాఫొండా అనే కార్మికుల బస్తీలో. నానమ్మ ముందుగా మొరాకో నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది, తర్వాత కుటుంబం. గోల్ కొట్టిన ప్రతిసారీ యమాల్ వేళ్లతో 304 అని చూపిస్తాడు కదా, అది ఆ బస్తీ పిన్‌కోడ్‌లోని చివరి మూడు అంకెలు. 08304.

ఏడేళ్లకే బార్సిలోనా అకాడమీ లా మాసియాలో చేరాడు. 2023 ఏప్రిల్ 29న రియల్ బెటిస్‌తో మ్యాచ్. 4-0తో గెలుస్తున్నారు. చివర్లో కోచ్ జావి ఒక పిల్లాడిని దింపాడు. అప్పటికి వయసు 15 ఏళ్ల 290 రోజులు. ఆడింది కొన్ని నిమిషాలే. ఆ రోజు అతని కోసం బయటికొచ్చిన ఆటగాడు గావి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత అంతా ఫాస్ట్ ఫార్వర్డ్. అదే ఏడాది సెప్టెంబర్ 8న జార్జియా మీద స్పెయిన్ తరఫున తొలి మ్యాచ్, తొలి గోల్. వయసు 16 ఏళ్ల 57 రోజులు. స్పెయిన్ చరిత్రలో ఇంత చిన్న వయసులో ఆడినవాడూ లేడు, గోల్ కొట్టినవాడూ లేడు. మొరాకో కూడా తమ దేశానికి ఆడమని గట్టిగా ప్రయత్నించింది. యమాల్ స్పెయిన్‌నే ఎంచుకున్నాడు. అక్టోబర్‌లో గ్రెనడా మీద లా లిగాలో తొలి గోల్, అదీ రికార్డే.

ఇక 2024 యూరో కప్. జర్మనీలో జరిగింది. యమాల్ వెంట స్కూల్ హోంవర్క్ తీసుకెళ్లాడు. స్పెయిన్‌లో అది తప్పనిసరి చదువులో చివరి ఏడాది, మన టెన్త్ అనుకోండి. ఇంకో విశేషం.. జర్మనీ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లలతో రాత్రి 8 తర్వాత పని చేయించకూడదు. ఆటగాళ్లకు 11 గంటల దాకా సడలింపు ఉంది. రాత్రి 9కి మొదలయ్యే మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్తే ఏం చేయాలి, ఫైన్ పడుతుందా అని అప్పట్లో మీడియాలో పెద్ద చర్చ. చాలామంది దాన్ని జోక్‌గా తీసుకున్నారు. కానీ ఆ చట్టంలో ఒక మాట ఉంది. వీడు ఇంకా పిల్లాడు, ఇది పని.

జూలై 9న సెమీఫైనల్. ప్రత్యర్థి ఫ్రాన్స్. మ్యాచ్‌కి ముందు ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ రాబియో ఒక మాట అన్నాడు, ఫైనల్ ఆడాలంటే యమాల్ ఇప్పటిదాకా చేసింది సరిపోదని. తొమ్మిదో నిమిషంలోనే ఫ్రాన్స్ గోల్ కొట్టింది. 21వ నిమిషంలో బంతి యమాల్ దగ్గరకొచ్చింది. ఎదురుగా ఉన్నది అదే రాబియో. బాక్స్ బయట నుంచే ఎడమ కాలితో ఒక షాట్. పోస్ట్ లోపలి అంచుకి తగిలి గోల్‌లోకి. వయసు 16 ఏళ్ల 362 రోజులు. వరల్డ్ కప్‌లోగానీ, యూరోలోగానీ అంత చిన్న వయసులో గోల్ కొట్టినవాళ్లు అంతకుముందు లేరు. పీలే కూడా 1958లో 17 దాటాకే కొట్టాడు. స్పెయిన్ 2-1తో గెలిచింది.

ఐదు రోజుల తర్వాత ఫైనల్, ఇంగ్లండ్ మీద. 17వ పుట్టినరోజు జరిగిన మర్నాడే. నికో విలియమ్స్‌కి పాస్ ఇచ్చి తొలి గోల్ కొట్టించాడు. కప్ స్పెయిన్‌ది. ఒక గోల్, నాలుగు అసిస్టులతో టోర్నీ బెస్ట్ యంగ్ ప్లేయర్ అవార్డు యమాల్‌ది. సరిగ్గా అప్పుడే అతని తండ్రి ఒక పాత ఫొటో బయటపెట్టాడు. 2007లో ఒక చారిటీ క్యాలెండర్ కోసం తీసింది. అందులో 20 ఏళ్ల మెస్సీ ప్లాస్టిక్ టబ్బులో ఒక పసిబిడ్డకి స్నానం చేయిస్తున్నాడు. ఆ బిడ్డే యమాల్. సినిమావాళ్లు రాసినా ఇంత కుదరదు.

ఆ ఫైనల్ జూలై 14న. లా లిగాలో బార్సిలోనా కొత్త సీజన్ తొలి మ్యాచ్ ఆగస్ట్ 17న. ఆ మ్యాచ్‌లోనూ యమాల్ ఆడాడు. సెలవు, ప్రాక్టీస్, అన్నీ కలిపి మధ్యలో ఉన్నది 34 రోజులు.

మెస్సీ తొమ్మిది.. యమాల్ వందకు పైగా

ఇప్పుడు నంబర్లు చూద్దాం. 2024-25 సీజన్‌లో బార్సిలోనా మొత్తం 60 మ్యాచ్‌లు ఆడింది. యమాల్ 55 ఆడాడు. లీగ్, కోపా డెల్ రే, సూపర్ కప్, మూడూ గెలిచారు. ఏప్రిల్ 30న ఇంటర్ మిలాన్‌తో చాంపియన్స్ లీగ్ సెమీస్ తొలి లెగ్ యమాల్‌కి క్లబ్ తరఫున 100వ మ్యాచ్. వయసు 17. ఆ రాత్రి అతను కొట్టిన గోల్ ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతూనే ఉంది. స్పెయిన్ మ్యాచ్‌లు కూడా కలుపుకుంటే 18 నిండేలోపు 120కి పైగా సీనియర్ మ్యాచ్‌లు.

ఇదే లెక్క మెస్సీకి వేద్దాం. 2005 జూన్‌లో మెస్సీకి 18 నిండాయి. అప్పటికి బార్సిలోనా ఫస్ట్ టీమ్ తరఫున ఆడిన అఫీషియల్ మ్యాచ్‌లు ఎన్నో తెలుసా? తొమ్మిది. జూనియర్ టీమ్‌లలో ఆడినవి వేరు. కానీ పెద్దవాళ్లతో, ఫుల్ స్పీడ్‌లో, కాళ్ల మీదకొచ్చే టాకిల్స్ మధ్య ఆడినవి తొమ్మిదే. ఎందుకంటే అప్పుడు ముందు వరసలో రొనాల్డీన్హో, ఎటో, జ్యూలీ ఉన్నారు. కుర్రాడు ఆగినా టీమ్‌కి నష్టం లేదు. అంత మెల్లగా తెచ్చినా 2006లో తొడ కండరం గాయంతో మెస్సీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడలేకపోయాడు. అది కూడా గుర్తుంచుకోవాలి.

యమాల్ వచ్చేసరికి బార్సిలోనా పరిస్థితి వేరు. 2021లో జీతాల పరిమితి దాటిపోయి మెస్సీని కూడా ఉంచుకోలేక పంపించేసిన క్లబ్ ఇది. అప్పు వంద కోట్ల యూరోలు దాటింది. రేపటి టీవీ హక్కుల డబ్బులో వాటాలు ఇవాళే అమ్ముకుంది. పెద్ద స్టార్లను కొనడం కష్టం. అలాంటప్పుడు చేతిలో ఉన్నది అకాడమీ. గావి, బాల్దే, ఫెర్మిన్, కుబార్సీ, యమాల్.. వీళ్లను ఆడించడం ఫిలాసఫీ అని చెప్పుకుంటారు. కొంత నిజమే, లా మాసియా సంప్రదాయం అది. కానీ అవసరం కూడా. కుర్రాళ్లు బాగున్నారు కాబట్టి ఆడారు, క్లబ్ దగ్గర డబ్బు లేదు కాబట్టి ఇంకా ఎక్కువ ఆడారు.

యమాల్ విలువ ఎంతంటే.. 2023 అక్టోబర్‌లో కాంట్రాక్ట్ రాసినప్పుడు వంద కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్ పెట్టారు. మన లెక్కలో దాదాపు 10 వేల కోట్ల రూపాయలు. 18 లోపు ఆటగాడికి మూడేళ్లకు మించి కాంట్రాక్ట్ ఇవ్వకూడదని ఫిఫా రూల్ ఉంది కాబట్టి అది 2026 వరకే. 18 నిండుతున్నాయనగా 2025 మేలో 2031 దాకా పొడిగించారు. జూలైలో 10వ నంబర్ జెర్సీ ఇచ్చారు, మెస్సీ వేసుకున్న నంబర్. దానికి ముందు యమాల్‌ది 19, మెస్సీకి కూడా 10కి ముందు 19నే. ఆ నెలాఖరులో క్లబ్ జపాన్, కొరియా టూర్‌కి వెళ్లింది. ఫ్రెండ్లీ మ్యాచ్‌లే, కానీ స్టేడియం నిండేది యమాల్ కోసం. ఎఫ్‌సీ సోల్ మీద రెండు గోల్స్ కొట్టాడు.

10 నంబర్ మోసిన ఇంకో కుర్రాడు

మెస్సీ వెళ్లాక ఆ 10 నంబర్ నేరుగా యమాల్‌కి రాలేదు. మధ్యలో అన్సు ఫాటీ ఉన్నాడు. ఈ కథ తెలియకపోతే యమాల్ విషయంలో ఇంత కంగారెందుకో అర్థం కాదు.

ఫాటీ 2019 ఆగస్ట్‌లో 16 ఏళ్లకి అరంగేట్రం చేశాడు. అదీ బెటిస్ మీదే. ఆరు రోజుల్లో ఒసాసునా మీద గోల్. 2020 సెప్టెంబర్‌లో స్పెయిన్ తరఫున అతి చిన్న వయసు స్కోరర్ అయ్యాడు, తర్వాత యమాల్ బద్దలుకొట్టింది ఆ రికార్డునే. అప్పట్లో ఫాటీ గురించి రాసినవి ఇప్పుడు చదివితే, పేరు మారిస్తే చాలు, యమాల్ గురించి రాసినట్టే ఉంటాయి. 2020 నవంబర్ 7న ఎడమ మోకాలిలో మెనిస్కస్ చిరిగింది. ఒక ఆపరేషన్‌తో తేలుతుందనుకున్నారు. మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చింది. పది నెలలకు పైగా గ్రౌండ్ ముఖం చూడలేదు. తిరిగొచ్చేసరికి మెస్సీ లేడు, 10 నంబర్ జెర్సీ అతని మీద వేశారు. లెవాంటే మీద దిగిన కొద్దిసేపటికే గోల్ కొట్టి స్టాండ్స్‌లో ఉన్న డాక్టర్ దగ్గరికి పరిగెత్తాడు. కానీ ఆ వేగం, ఆ మలుపు తిరిగి రాలేదు. బ్రైటన్‌కి లోన్. ఇప్పుడు మొనాకోకి లోన్. వయసు ఇంకా 23.

పెద్రీది ఇంకో కథ. 2020-21లో క్లబ్, స్పెయిన్ సీనియర్ టీమ్, అండర్-21, టోక్యో ఒలింపిక్స్ అన్నీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. 18 ఏళ్ల కుర్రాడు. జూలైలో యూరో సెమీస్, ఆగస్ట్ 7న ఒలింపిక్ ఫైనల్. ఆ తర్వాతి సీజన్ మొత్తం తొడ కండరాలు పట్టేస్తూనే ఉన్నాయి, బార్సిలోనాకి 22 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ఆ తొడ గాయాలు మరో రెండు సీజన్లు వెంటాడాయి.

ఇక గావి. 2023 నవంబర్ 19న జార్జియాతో స్పెయిన్ క్వాలిఫయర్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికే స్పెయిన్ యూరోకి అర్హత సాధించేసింది. అంటే ఆ మ్యాచ్‌తో పెద్ద పనే లేదు. గావి పదకొండు నెలలు ఆటకు దూరమయ్యాడు. 2025లో అదే మోకాలికి మళ్లీ ఆపరేషన్. బార్సిలోనాకి స్పెయిన్ ఫెడరేషన్ మీద నమ్మకం ఎక్కడ పోయిందని ఎవరైనా అడిగితే, ఆ రాత్రి నుంచి మొదలుపెట్టాలి.

గాయం కాళ్లకే తగలాలని కూడా లేదు. 2007లో 17 ఏళ్లకే బార్సిలోనాకి ఆడిన బోయన్ కిర్కిచ్‌ని కొత్త మెస్సీ అన్నారు. 2008 యూరోకి వెళ్లలేదు. అప్పుడు అలసట అని చెప్పారు. చాలా ఏళ్లకి అతనే బయటపెట్టాడు, అది యాంగ్జైటీ అని, భయంతో తల తిరిగిపోయేదని. 32 ఏళ్లకే రిటైరయ్యాడు.

వీళ్లందరూ ఒకే క్లబ్ పిల్లలు లేదా ఆ క్లబ్‌లో పెరిగిన కుర్రాళ్లు. ఒకే దేశం జెర్సీ వేసుకున్నవాళ్లు. ప్రతి గాయానికీ కారణం ఎక్కువ మ్యాచ్‌లే అని చెప్పేస్తే అది సైన్స్ కాదు. ఫాటీది ఒక టాకిల్‌లో తగిలిన దెబ్బ, గావిది కాలు మెలికపడిన క్షణం. కానీ ఒకటి రెండు సార్లయితే దురదృష్టం అనుకోవచ్చు. ఇంతమందికి జరిగాక కూడా అదే క్యాలెండర్ నడుస్తోందంటే దాన్ని దురదృష్టం అనలేం.

సెప్టెంబర్‌లో మొదలైన మంట

యమాల్ గజ్జల నొప్పి బయటపడింది 2025 సెప్టెంబర్‌లో. వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో స్పెయిన్ బల్గేరియాని 3-0తో, టర్కీని 6-0తో ఓడించింది. రెండు మ్యాచ్‌ల్లోనూ యమాల్ 70 నిమిషాలకు పైగా ఆడాడు. తిరిగొచ్చాక బార్సిలోనా కోచ్ హాన్సీ ఫ్లిక్ ప్రెస్ మీట్‌లో ఓపెన్‌గా మాట్లాడాడు. నొప్పితోనే వెళ్లాడని, పెయిన్‌కిల్లర్లు ఇచ్చి ఆడించారని, మూడేసి గోల్స్ ఆధిక్యం ఉన్నా బయటికి తీయలేదని, ఇది ఆటగాళ్లను చూసుకునే పద్ధతి కాదని. స్పెయిన్ కోచ్ డి లా ఫ్యూంటే జవాబు కూడా సూటిగానే వచ్చింది. ఫ్లిక్ కూడా ఒకప్పుడు జర్మనీ జాతీయ జట్టు కోచే కదా, అలాంటి వ్యక్తి ఇలా అనడం ఆశ్చర్యంగా ఉందని.

ఇక్కడిదాకా వింటే తప్పంతా ఫెడరేషన్‌దే అనిపిస్తుంది. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. యమాల్ కొన్ని మ్యాచ్‌లు మిస్సయ్యాడు. సెప్టెంబర్ 28న రియల్ సొసైడాడ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, దిగిన నిమిషంలోనే లెవాండోవ్‌స్కీకి గోల్ పాస్ ఇచ్చాడు. టీమ్ గెలిచింది, అందరూ హ్యాపీ. మూడు రోజులకే పీఎస్‌జీతో చాంపియన్స్ లీగ్ మ్యాచ్. అందులో మొదటి నిమిషం నుంచే గ్రౌండ్‌లో ఉన్నాడు. మ్యాచ్ ఓడారు. రెండు రోజుల్లో క్లబ్ ప్రకటన.. గజ్జల నొప్పి తిరగబెట్టింది, రెండు మూడు వారాలు ఆడడు. ఈసారి పెయిన్‌కిల్లర్ల కథ లేదు, స్పెయిన్ కోచ్ లేడు. ఆ నిర్ణయం బార్సిలోనాదే.

గజ్జల నొప్పితో చిక్కేంటంటే ఇది ఎముక విరగడం లాంటిది కాదు. ఫలానా రోజుకి కట్టు విప్పుతారు, అయిపోయింది అని ఉండదు. రెస్ట్ ఇస్తే తగ్గినట్టే ఉంటుంది. నడిస్తే నొప్పి లేదు, పరిగెత్తితే లేదు. పూర్తి వేగంతో వెళ్తూ ఒక్కసారి ఆగి తిరిగినప్పుడు తెలుస్తుంది. అంటే యమాల్ ఆట మొత్తం ఏ కదలిక మీద ఆధారపడి ఉందో, అదే కదలికలో. తొందరపడి తెస్తే తిరగబెడుతుంది, పాతబడేకొద్దీ మొండికేస్తుంది. వయసు కూడా కలిసిరాదు. 18లో శరీరం ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది.

సోషల్ మీడియాలో మాత్రం వేరే తీర్పు నడుస్తోంది. జూలైలో 18వ పుట్టినరోజు పార్టీ పెద్ద వివాదమైంది. మరుగుజ్జు కళాకారులను వినోదం కోసం పిలిచారన్న ఆరోపణపై ప్రభుత్వ స్థాయిలో విచారణ కోరేదాకా వెళ్లింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. అక్టోబర్‌లో క్లాసికోకి ముందు రియల్ మాడ్రిడ్‌ని దొంగలన్నట్టు మాట్లాడి, తర్వాత 2-1తో ఓడి నోరు మూసుకోవాల్సి వచ్చింది. అదీ నిజమే. కానీ అక్కడి నుంచి "పార్టీలు చేసుకుంటాడు, అందుకే గాయాలు" అని ఒక్క గెంతు గెంతేస్తున్న వీడియోలకు లెక్కలేదు. 2023 నుంచి ఆడిన మ్యాచ్‌ల లిస్ట్ ఒకసారి తెరిచి చూస్తే ఆ వీడియో చేయాలనిపించదు.

ఇంకోటి కూడా ఉంది. ఈ కుర్రాడు మోసింది మ్యాచ్‌లు మాత్రమే కాదు. 2024 ఆగస్ట్‌లో, యూరో గెలిచిన సరిగ్గా నెలకే, తండ్రి మతారోలో కత్తిపోట్లకు గురై ఆస్పత్రిలో చేరాడు. అదే ఏడాది అక్టోబర్‌లో మాడ్రిడ్ స్టేడియంలో గోల్ కొట్టినందుకు స్టాండ్స్ నుంచి జాత్యహంకార తిట్లు పడ్డాయి. అప్పుడు వయసు 17.

రూల్స్ ఎవరి కోసం?

రూల్స్ ప్రకారం ఎవరికేం హక్కు ఉందో చూద్దాం. ఫిఫా విండోలో దేశం పిలిస్తే క్లబ్ ఆటగాడిని పంపాల్సిందే. జీతం మాత్రం క్లబ్బే ఇస్తుంది. దేశానికి ఆడుతూ గాయపడి 28 రోజులకు మించి దూరమైతే ఫిఫా క్లబ్‌కి పరిహారం కడుతుంది. క్లబ్ గాయం అని చెబితే ఫెడరేషన్ తన డాక్టర్‌తో చూపించుకోవచ్చు. గమనించారా? ఇందులో ఇద్దరి మధ్య లావాదేవీ ఉంది, పరిహారం ఉంది, పరీక్ష ఉంది. ఏడాదిలో ఒక ఆటగాడు ఇన్ని మ్యాచ్‌లు మాత్రమే ఆడాలి అనే మాట ఎక్కడా లేదు. 18 లోపు పిల్లలకు కూడా లేదు.

ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో చాలా ఏళ్లుగా దీని మీదే కొట్లాడుతోంది. సీజన్ల మధ్య నాలుగు వారాల తప్పనిసరి సెలవు అడుగుతోంది. 2025 జూలైలో ఫిఫా కొన్ని సంఘాలతో కూర్చుని, మ్యాచ్‌ల మధ్య కనీసం 72 గంటలు, సీజన్ల మధ్య కనీసం 21 రోజుల గ్యాప్ ఉండాలని చెప్పింది. మరోవైపు చాంపియన్స్ లీగ్‌లో 2024 నుంచి తొలి దశ మ్యాచ్‌లు ఆరు నుంచి ఎనిమిదికి పెరిగాయి. వరల్డ్ కప్‌లో 32 జట్లు కాస్తా 48 అయ్యాయి, 64 మ్యాచ్‌లు 104 అయ్యాయి. సెలవు గురించి మాట్లాడేదీ, మ్యాచ్‌లు పెంచేదీ ఆ పెద్దమనుషులే.

క్రికెట్‌తో పోల్చుకుంటే.. 14 ఏళ్లకే ఐపీఎల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొట్టిన వైభవ్ సూర్యవంశీ విషయంలో మనవాళ్లు ఇవే ప్రశ్నలు వేస్తున్నారు. అయితే అక్కడ కనీసం ఒక గీత ఉంది. అంతర్జాతీయ క్రికెట్ ఆడాలంటే 15 ఏళ్లు నిండాలని ఐసీసీ 2020లో రూల్ పెట్టింది. అది వయసు గీతే, మ్యాచ్‌ల గీత కాదు, నిజమే. ఫుట్‌బాల్‌లో కుర్రాళ్ల దగ్గరికొచ్చేసరికి రెండో గీత గీయడానికి ఎవరికీ చేయి రావడం లేదు. గీస్తే ముందు నష్టపోయేది స్పాన్సర్లు, టీవీ, టికెట్లు.

యమాల్‌నే అడిగితే ఏమంటాడు? ఆడతా అంటాడు. ఏ కుర్రాడైనా అంతే. నొప్పిగా ఉంది, కూర్చుంటా అని 18 ఏళ్లవాడు చెబుతాడని ఎదురుచూడటం తెలివి కాదు. ఆ మాట చెప్పాల్సింది పక్కనున్న పెద్దవాళ్లు. ఈ విషయంలో పెద్రీ కథకి రెండో సగం ఉంది. క్లబ్ అతని కోసం ఫిట్‌నెస్ పద్ధతి మొత్తం మార్చింది, శరీరాన్ని మెల్లగా గట్టిపరిచింది. 2024-25లో పెద్రీ బార్సిలోనాకి 59 మ్యాచ్‌లు ఆడాడు, కండరాల గొడవ లేకుండా. టీమ్‌లో అందరికన్నా నమ్మదగ్గ మనిషి ఇప్పుడు అతనే. అంటే దారి ఉంది. కాకపోతే పెద్రీకి ఆ దారి దొరకడానికి మూడు సీజన్లు పోయాయి.

నవంబర్ 10 చికిత్స టైమింగ్ చూస్తే బార్సిలోనాకి కూడా ఈ సంగతి ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నట్టుంది. ముందు రోజే, అంటే 9న, సెల్టా మీద యమాల్ ఆడాడు, గోల్ కొట్టాడు. మర్నాడు ఉదయం చికిత్స. క్లబ్‌కి మళ్లీ మ్యాచ్ ఉన్నది 22న. ఆ గ్యాప్‌లో పడింది స్పెయిన్ మ్యాచ్‌లే. రెస్ట్ ఇచ్చారు, కానీ తమ ఖాతాలోంచి కాదు. 22న బాగు చేసిన క్యాంప్ నౌ స్టేడియంలోకి బార్సిలోనా రెండున్నరేళ్ల తర్వాత తిరిగి అడుగుపెట్టింది. అథ్లెటిక్ బిల్బావో మీద 4-0. యమాల్ రెండు గోల్స్‌కి పాస్ ఇచ్చాడు. స్పెయిన్ కూడా అతను లేకుండానే జార్జియాని ఓడించి, టర్కీతో డ్రా చేసుకుని వరల్డ్ కప్ బెర్త్ ఖాయం చేసుకుంది. ఒక్క విండో యమాల్ ఆడకపోతే ఎవరి కొంపా మునగలేదు.

ఇప్పుడు అందరి కళ్లూ వచ్చే జూన్ మీదే. అమెరికా, కెనడా, మెక్సికోల్లో వరల్డ్ కప్ జూన్ 11న మొదలవుతుంది. స్పెయిన్ గ్రూపులో ఉరుగ్వే, సౌదీ అరేబియా, కేప్ వెర్డే ఉన్నాయి. ఫైనల్ జూలై 19న. ఆ లోపు బార్సిలోనాకి లీగ్ ఉంది, చాంపియన్స్ లీగ్ ఉంది, కప్పులున్నాయి, వారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున. సెమీఫైనల్స్ జూలై 14, 15 తేదీల్లో. యమాల్‌కి 19 నిండేది 13న.